ఐదో రేకు

న్యూరెంబర్గ్
సెయింట్ మార్టిన్ పండుగ మర్నాడు, 1494

నా లోనీ తల్లికి అమ్మ దీవెనలు.

నా రాత కోళ్ళు గెలికినట్టు ఉంటుందని మీ తమ్ముడు యోస్ట్ నవ్వేవాడు. నవ్వేవాడు లేడిప్పుడు, అందుకే ధైర్యంగా గెలుకుతున్నాను. కళ్ళు చికిలించుకుని చదువుకో. సర్వ పునీతుల పండుగకు బండి ఊట్స్ చేత పంపిన ప్రార్థన పుస్తకం చేరిందా? కడుపుతో ఉన్నదానివి, బరువు మొయ్యకూడదని చెక్క అట్ట వద్దని చెప్పి, కాగితం అట్టతో పుస్తకాలు కట్టే లీన్‌హార్ట్ చేత ప్రత్యేకంగా కట్టించాను.

నిన్న పండక్కి పెద్దబాతు వండాను. మీ నాన్న ఒక ముక్క తిని లేచిపోయాడు. యోస్ట్ పోయి ఎనిమిది వారాలు. కాలు ముక్క ఎప్పుడూ వాడిదే కదా, ఇద్దరం ముట్టుకోలేదు. చివరికి పక్కింటి పిల్లి పండగ చేసుకుంది.

నేను చెప్పొచ్చింది అది కాదు. లోనీ, వాడి పుస్తకం ఉంది! మొక్కల పుస్తకం! నేను వంటింట్లో కూర్చుని ఏ ఆకు దేనికి మంచిదో చెబుతుంటే వాడు రాసుకుని, బొమ్మలు చెక్కల మీద చెక్కి, మెల్హియోర్ అచ్చుశాలలో తన చేత్తోనే అక్షరాలు పేర్చిన పుస్తకం. మూడు వందల ప్రతుల కాగితాలూ కుట్టకుండా మన పుస్తకాల కొట్లో పీపాలో పడున్నాయి. ఇన్నాళ్ళూ మీ నాన్న ఆ పీపా వంక చూడలేదు. నేనే ఇవాళ సుత్తి తీసుకుని మూత కొట్టాను. ఎంత బావుందనుకున్నావు! పుదీనా బొమ్మ చూస్తే వాసన వస్తున్నట్టే ఉంది. నాకు కాళ్ళు నిలవలేదు, కొట్లోనే గిరగిరా తిరిగాను. ఈస్టర్ ముందు తపస్సు కాలంలో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతకు పంపేద్దామన్నాను.

మీ నాన్న కాగితాలు తిరగేసి, "ఏమే, దీనికి చివరి కాగితం లేదు. తోక లేని పుస్తకాన్ని సంతలో ఎవడూ ముట్టుకోడు" అన్నాడు.

నిజంగానే లేదు. ఆ చివరి కాగితం అచ్చవక ముందే అంటుజబ్బు ఊళ్ళోకొచ్చింది, మెల్హియోర్ తలుపులు మూసి పల్లెకు పారిపోయాడు, పోయేముందు పేర్చిన అక్షరాలన్నీ విడగొట్టేశాడు. యోస్ట్ పరుపు కింద పెట్టుకున్న చేతిరాత ప్రతిని పరుపుతో పాటే నగరసభ మనుషులు తగలబెట్టారు. పీపా మొత్తం లీన్‌హార్ట్‌కు చిత్తుకాగితం కింద వేసేస్తానంటాడు మీ నాన్న. నా పీనుగ మీంచి తీసుకెళ్ళమన్నాను. సంత దాకా గడువిచ్చాడు.

నీకొక సంగతి చెప్పుకోవాలి. మనసులో ముల్లులా ఉంది. ఆ చివరి కాగితంలోదే వానకోయిల మొక్క. పసుపుపాలు కారుస్తుందే, వానకోయిల ఆ పాలతో తన పిల్లల కళ్ళు తెరిపిస్తుందంటారే, అది. వాడు దాని పువ్వుకు ఐదు రేకులు చెక్కాడు. "నాలుగురా నాయనా, నా తోటలో చూడు" అన్నాను. "చెక్కేశాక చెబుతావేంటమ్మా! ఇప్పుడొక రేకు తీసేస్తే పువ్వు ముసలమ్మ బోసినోరులా ఉంటుంది" అన్నాడు. "తప్పు బొమ్మ చూసి ఎవరైనా తప్పు ఆకు నూరుకుంటే ఆ పాపం నీదే" అని అరిచాను. తలుపు ధడాల్న వేసుకుని అచ్చుశాలకు పోయాడు. అది గురువారం. శనివారం జ్వరం. ఆ తర్వాత నన్ను గదిలోకి పోనివ్వలేదు.

ఆ బొమ్మ చెక్క కొట్లో ఉన్న వాడి పెట్టెలో దొరికింది. ఐదు రేకులూ అలాగే ఉన్నాయి. అంటే నా మాట విననే లేదా? బొమ్మ కింద ఏం రాశాడు? అది చదవకుండా నేను చావను, లోనీ. నీకు వాడు ఉత్తరాల్లో ఏమైనా రాశాడా? వెతుకు. పెట్టెలన్నీ బోర్లించి వెతుకు.

తొందరపడుతున్న మీ అమ్మ,
ఊర్సులా

*

స్ట్రాస్‌బర్గ్
సెయింట్ నికొలాస్ పండుగ, 1494

అమ్మకు,

నీ ఉత్తరం చదివి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. మీ అల్లుడు బాస్టియన్ కంగారుపడి మంత్రసానిని పిలుచుకొచ్చాడు. నెలలు నిండలేదు, ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగ తర్వాతే అంటోంది.

పుస్తకం చేరిందమ్మా. ఎంత ముచ్చటగా ఉందో! అందులో సెయింట్ మార్గరెట్ కథ ఉంది చూశావా? నొప్పులప్పుడు ఆ కథ ఉన్న పుస్తకాన్ని పొట్ట మీద పెడితే కాన్పు సులువవుతుందని ఇక్కడ అందరి నమ్మకం. మా మంత్రసాని దాన్ని చూసి, "ఇది చేతిలో ఉంటే సగం పని నాది కాదు" అంది. మొదటి పేజీలో తమ్ముడి పేరు, పోయిన రోజు రాసుకున్నాను. కింద పుట్టబోయేవాళ్ళకు చోటు వదిలాను. రోజూ తలకింద పెట్టుకునే పడుకుంటున్నాను.

యోస్ట్ ఉత్తరాలన్నీ వెతికాను. వేసవిలో రాసినదాంట్లో ఒక్క ముక్క ఉంది: "అమ్మ చెబుతూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను. ఆవిడ నోరు ముందు అలుస్తుందో నా చెయ్యి ముందు అలుస్తుందో చూడాలి." అంతే.

అమ్మా, ఆ రేకుల గొడవ వదిలెయ్యి. నువ్వు అరిచినందుకు వాడు పోలేదు. ఎంతమంది అరవనివాళ్ళ కొడుకులు పోలేదు? పుస్తకం తోక మాటంటావా, ఇక్కడ ఒక బడిపంతులున్నాడు, మొక్కల సంగతి బాగా తెలుసు. రెండు పేజీలు రాసిపెట్టమంటే మూడు రోజుల్లో రాసిస్తాడని మా ఆయన అంటున్నారు. సంతకు అందుతుంది, నాన్నకూ తృప్తి.

వేళకు తిను.
నీ లోనీ

*

న్యూరెంబర్గ్
సెయింట్ థామస్ పండుగ, 1494

లోనీ! లోనీ! లోనీ!

దొరికింది! ఎక్కడుందో దొరికింది! ఊట్స్ బండి కట్టుకుని వాకిట్లో నిలబడి తిడుతున్నాడు, అందుకని ఒక్క గుక్కలో రాస్తున్నాను.

పంతులొద్దు, గింతులొద్దు. మన వాడి పుస్తకానికి అద్దె తోకా?

నిన్న ముల్లంగి తరుగుతుంటే మెరుపులా తట్టింది. ముప్పయ్యో రోజు పూజ అయ్యాక కొట్టు శుభ్రం చేస్తూ యోస్ట్ కాగితాలు నేనే కట్టకట్టి లీన్‌హార్ట్‌కు ఇచ్చాను కదా అని! చిత్తు కాగితాలు అట్టలు కట్టేవాడికే పోవాలన్నది మన ఇంటి ఆచారం కదా. అవేమిటో చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని మొహం తిప్పుకుని ఇచ్చాను. కత్తి అక్కడే పడేసి, ఏప్రన్ కూడా విప్పకుండా పరిగెత్తాను.

"లీన్‌హార్టూ, అక్టోబరులో నేనిచ్చిన కట్ట ఏం చేశావు?" అన్నాను.

"అట్టల్లో పెట్టానమ్మా. ఇంకేం చేస్తాను, పులుసు పెట్టుకుంటానా?"

"ఏ అట్టల్లో?"

"చిన్న ప్రార్థన పుస్తకాలు మూడు కట్టాను. వాటిలో."

"అందులో మొక్క బొమ్మ ఉన్న కాగితం ఉందా?"

వాడు గడ్డం గోక్కుని, గోక్కుని, నా ప్రాణం తీసి, "పువ్వు బొమ్మ ఉన్నవి మూడున్నాయి ఊర్సులమ్మగారూ. సరిచూసుకోవడానికి తీసిన అచ్చులు కాబోలు, ఒకటే కాగితం మూడుసార్లు. పుస్తకానికొకటి పెట్టాను" అన్నాడు.

అక్కడే వాడిని ముద్దుపెట్టుకున్నాను. వాడి పెళ్ళాం చూస్తూనే ఉంది.

ఒకటి వాడి దగ్గరే ఉంది, వెంటనే చీల్చి చూశాం. జిగురు తిని అక్షరాలన్నీ ముద్దయిపోయాయి. ఇంకొకటి వెనిస్ వర్తకుడు కొనుక్కుపోయాడు. మూడోది నీ తలకింద ఉంది!

అట్ట చీల్చు, లోనీ. ఈ ఉత్తరం చదవగానే కత్తి తీసుకుని చీల్చు. లోపల మీ తమ్ముడి కాగితం ఉంటుంది. వాడి చేతిలోంచి నేరుగా వచ్చింది.

ఊట్స్ చెర్నాకోల ఝళిపిస్తున్నాడు.

అమ్మ

*

స్ట్రాస్‌బర్గ్
ముగ్గురు రాజుల పండుగ అయిన మూడో రోజు, 1495

అమ్మా,

ఇది ఎలా చెయ్యగలిగావు?

తమ్ముడి కాగితాలు, వాడి చేతిలోంచి నేరుగా వచ్చినవి, నా తలకింద! పరుపు, బట్టలు, దిండు అన్నీ తగలబెట్టారని నువ్వే రాశావు. ఆ గదిలో కాగితాలు మాత్రం కట్టకట్టి, అట్టలో దాచి, కడుపుతో ఉన్న కూతురికి పంపావా? ఏడు వారాలు వాటి మీద పడుకున్నానమ్మా. ముద్దుపెట్టుకుని మరీ పడుకున్నాను.

నీ ఉత్తరం చదివి నేను కేక పెడితే ఆయన వచ్చి, పొయ్యి పటకారుతో పుస్తకాన్ని పట్టుకుని బయటికి పరిగెత్తారు. నిప్పుల్లో వెయ్యబోతే మంత్రసాని అడ్డం పడింది. "సెయింట్ మార్గరెట్‌ను కాలుస్తారా! కాన్పు నేను చెయ్యను పొండి" అని కూర్చుంది. ఆవిడ మాట ఆయన వినరు, ఆయన మాట ఆవిడ వినదు. చివరికి ఖళ్ళుఖళ్ళున దగ్గుకుంటూ ఆ పుస్తకానికి జబ్బును తోలే జునిపర్ కొమ్మల పొగ పట్టించి, తోట చివర ఖాళీ చేపల పీపాలో వేసి మూత బిగించారు. నా కాన్పు కాగానే తగలబెడతామంటున్నారు.

నీకు వాడి పుస్తకం ముఖ్యం. నాకు తెలుసు. కానీ నేనూ నీ కడుపున పుట్టినదాన్నే.

ఈ ఇంటికి ఇంక ఏ కాగితమూ పంపకు. నీ ఉత్తరం కూడా పొగ పట్టించాకే రెండోసారి చదివాను.

లోనీ

*

న్యూరెంబర్గ్
సెయింట్ సెబాస్టియన్ పండుగ, 1495

నా తల్లీ, నా బంగారూ,

కాల్చొద్దు!

ఈ మాట పైన పెద్దగా రాశాను, పొగలోనైనా కనిపించాలని. ఇప్పుడు నెమ్మదిగా చెబుతాను. నాకు నెమ్మది రాదు, అయినా చెబుతాను.

ఆ కాగితాలు వాడి గదిలోవి కావు. ఆ గది గడప నేను తొక్కలేదు, తొక్కనివ్వలేదు. అచ్చుశాలలో ఆరేసే తాళ్ళు నిండిపోయాయని యోస్ట్ శుక్రవారం మధ్యాహ్నం మెల్హియోర్ దగ్గర్నుంచి తడి అచ్చులు మోసుకొచ్చి మన కొట్టు అటకమీద తాళ్ళ మీద ఆరేశాడు. అప్పుడు వాడికి ఒంట్లో ఏమీ లేదు. నిచ్చెన మీదినుంచి ఈల వేస్తున్నాడు కూడా, నేను కోపంలో ఉండి తల ఎత్తి చూడలేదు. నాలుగు వారాలు గాలికి ఊగాయి. వాటినే దింపి కట్టకట్టాను. "వాడి చేతిలోంచి" అని ఎందుకు రాశానో! బండివాడు తొందరపెడితే నా బుర్ర గుర్రం కంటే ముందు పరిగెత్తింది. గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను, ఒక బిడ్డను మట్టిలో పెట్టిన చేత్తో ఇంకో బిడ్డకు విషం పంపుతానా తల్లీ?

నీ ఉత్తరం మీ నాన్న చదివి నాకు వినిపించాడు. "నేనూ నీ కడుపున పుట్టినదాన్నే" అన్న చోట ఆగిపోయాడు. మిగతాది నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. ఈ రెండు నెలలూ నిన్నొక్కసారైనా ఒళ్ళు ఎలా ఉంది, ఏం తింటున్నావు అని అడిగానా? అడగలేదు. చెంప మీద కొట్టినట్టయింది.

అందుకని విను. అట్ట చీల్చకు. పుస్తకం పీపాలోంచి తీసి, తుడిచి, నీ దగ్గర పెట్టుకో. నొప్పులొచ్చినప్పుడు పొట్ట మీద పెట్టించుకో. నీ బిడ్డ భూమ్మీద పడ్డాక, నీకు ఇష్టమైతే చూడు. లేకపోతే ఎప్పటికీ చూడకు. సంత పోతే పోనీ. పీపా లీన్‌హార్ట్‌కు పోతే పోనీ. నాకు నువ్వు కావాలి.

మీ నాన్న సంగతి చెప్పనా? తోక లేని పుస్తకమని తిట్టిన మనిషి, నిన్న పీపాలు కట్టేవాణ్ణి పిలిచి కొత్త పీపా చేయించాడు. "దేనికి?" అంటే, "పాతదానికి చెమ్మ తగులుతోంది" అన్నాడు. మెల్హియోర్ తిరిగొచ్చి అచ్చుశాల తెరిచాడట, అదీ చల్లగా చెప్పాడు. ఆశ పెట్టుకోకూడదని రోజుకు పదిసార్లు అనుకుంటున్నాను. పదకొండోసారికి మర్చిపోతున్నాను.

సోంపు కషాయం తాగు. కాళ్ళు వాస్తే ఎత్తు మీద పెట్టుకో.

నీ అమ్మ

*

స్ట్రాస్‌బర్గ్
సెయింట్ వాలెంటైన్ పండుగ, 1495

అమ్మా! అమ్మమ్మా!

ఆడపిల్ల! పది రోజులైంది. ఇద్దరం క్షేమం. పేరు మార్గరెట్. నీ ఉత్తరం నొప్పులు మొదలయ్యే ముందురోజే చేరింది. చదివి, చదివి, పాపిష్టిదాన్ని ఎంత మాటన్నానని ఏడ్చాను. ఇంక ఆ సంగతి ఎత్తకు, నేనూ ఎత్తను.

పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఓపిక అయిపోయింది. "నా పుస్తకం తెండి!" అని అరిచానట. నీ అల్లుడు మంచులో తోట చివరకు పరిగెత్తి, పీపా మూత రాక, పీపాను మొత్తంగా దొర్లించుకుంటూ ఇంట్లోకి వచ్చారు. గొడ్డలితో బద్దలు కొట్టి పుస్తకం తీశారు. అమ్మా, ఏం కంపు! ఉప్పుచేప, పొగ! మంత్రసాని ముక్కు మూసుకుని, "సెయింట్ మార్గరెట్టమ్మా, క్షమించు, నీకు ఇంతకంటే మంచి రోజులు ఉండేవి" అంటూ పొట్ట మీద పెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే పిల్ల బయటపడింది. ఏడవలేదు, ముందు తుమ్మింది.

మంచం మీద లేచి కూర్చోగలిగిన రోజున నేనే కత్తి అడిగాను. ఆయన, కత్తి వద్దు, ఆవిరి పట్టిద్దాం అన్నారు. కెటిల్ మూతి దగ్గర అట్ట పట్టుకుంటే తోలు ఊడొచ్చింది. లోపల పొర మీద పొర. పైన పాత పంచాంగం పేజీ. దాని కింద ఏదో లాటిన్ ప్రసంగం. దాని కింద ఐదు రేకుల పువ్వు.

ఒక్క అక్షరం చెడలేదమ్మా. చెమ్మకు జిగురంతా మెత్తబడి వదిలేసింది. ఆ చేపల పీపాయే కాపాడింది!

కాగితం బాస్టియన్ తమ్ముడి చేతికిచ్చి గుర్రం మీద పంపుతున్నాను. ఈ ఉత్తరమూ అతనే తెస్తాడు. కానీ నువ్వు ముందు కాగితం చూసి ఏడుస్తావు, అక్షరాలు కనపడవు. అందుకని చిట్టచివర వాడు పేర్చిన మాటలు ఇక్కడ పెద్ద అక్షరాలతో రాస్తున్నాను:

"ఈ మొక్కల పుస్తకం ఇక్కడితో అయింది. మొక్కలు మా అమ్మ ఊర్సులావి, చెక్కిన చెయ్యి నాది. వానకోయిల మొక్క పువ్వుకు రేకులు నాలుగు. నేను ఐదు చెక్కాను. చెక్కిన తర్వాత అమ్మ చెప్పింది, వీధంతా వినేట్టు చెప్పింది. కోపంగా తోటలోకి పోయి ఇరవై పువ్వులు లెక్కపెట్టాను. అమ్మ మాటే నిజం. కాబట్టి చదివేవాళ్ళు ఒక రేకును చూడనట్టు వదిలెయ్యండి. ఏ రేకో మీ ఇష్టం."

అంతేనమ్మా. శుక్రవారం ఈల ఎందుకు వేస్తున్నాడో తెలిసిందా?

నీ లోనీ, నీ మార్గరెట్

*

న్యూరెంబర్గ్
తపస్సు కాలం, రెండో ఆదివారం, 1495

నా లోనీకి, ఇంకా చూడని నా మార్గరెట్‌కు,

అచ్చయింది! మూడు వందలు!

ఏడవలేదులే అని రాద్దామనుకున్నాను, ఏడ్చాను. "వీధంతా వినేట్టు" అన్న చోట నవ్వాను కూడా. అప్పట్నుంచి మీ నాన్న ఆ మాట పట్టుకున్నాడు. నేను గొంతెత్తితే చాలు, "వీధి వింటోందే" అంటున్నాడు. ఆరు నెలల తర్వాత ఆ మనిషి నన్ను వెక్కిరించడం! రెట్టించి గొంతెత్తుతున్నాను.

కాగితమూ చెక్కా తీసుకుని నేనే మెల్హియోర్ దగ్గరకు పోయాను. వాడు అక్షరాలు పేర్చి, యోస్ట్ చెక్కిన చెక్క ముందు పెట్టుకుని, చిన్న ఉలి తీశాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"ఐదో రేకు తీసేస్తున్నానండీ. తప్పని వాడే ఒప్పుకున్నాడు కదా. తీసేసి, కింద ఆ రేకుల మాటలూ ఎత్తేస్తే పుస్తకం శుభ్రంగా ఉంటుంది."

"ఉలి కింద పెట్టు."

"మీరే కదా ఊర్సులమ్మా, నాలుగని ఊరంతా..."

"పెడతావా, చెయ్యి విరగ్గొట్టనా?"

పెట్టాడు. అచ్చుశాలలో మనుషులంతా పని ఆపి చూశారు. చూడనీ. నా కొడుకు తప్పు నా కొడుకుదే. దాన్ని ఎవరూ చెక్కెయ్యకూడదు.

తడి కాగితాలు మన అటకమీద అవే తాళ్ళ మీద ఆరేశాం. నిచ్చెన నేను పట్టుకున్నాను, మీ నాన్న ఎక్కాడు. ఈసారి తలెత్తి చూశాను. ఆరాక అన్నీ వరసలో పేర్చి, కొత్త పీపాలో దించి, రేపు ఊట్స్ బండికి ఎక్కిస్తున్నాం. ఫ్రాంక్‌ఫర్ట్ సంత మొదటి రోజుకే చేరుతుంది. మీ నాన్న కూడా పోతున్నాడు. ఎవరైనా పుస్తకం తెరిచి, "ఇదేమిటయ్యా, ఐదు రేకులు?" అంటే ఏం చెప్పాలో చాలాసేపు అద్దం ముందు నేర్చుకున్నాడు: "చివరి పేజీ చదవండి."

ఒక ప్రతి నీకు వేరుగా పంపుతున్నాను. కట్టించుకో. కావాలంటే చెక్క అట్టే పెట్టించుకో. మార్గరెట్ చదువు నేర్చాక మొదట ఆ పేజీ చదివించు.

తోటలో మంచు కరిగింది. వానకోయిలలు ఇంకా రాలేదు, వచ్చినప్పుడు ఆ మొక్క పూస్తుంది. నాలుగేనని నాకు తెలుసు. అయినా ఈ ఏడు పూసిన ప్రతి పువ్వూ లెక్కపెడతాను. ఎక్కడో ఒక్కదానికి ఐదు ఉండకపోతుందా?

వీధంతా వినేట్టు,
మీ అమ్మ, మీ అమ్మమ్మ
ఊర్సులా